చప్పట్లు లేకుండా ఇచ్చిన పేరు

మా డాక్టర్ల సంఘంలో ఏ తీర్మానమైనా చప్పట్లతోనే పాసయ్యేది. నేను కరీంనగర్‌లో ప్రాక్టీసు పెట్టిన నాటి నుంచీ అదే వరస. ఏడాదికొకసారి పెద్ద మీటింగు పెడతారు. శాలువాలు కప్పుతారు, జ్ఞాపికలు ఇస్తారు, దీపం వెలిగించే వేళకు అగ్గిపెట్టె దొరక్క వేదిక మీదున్న పెద్దలంతా జేబులు తడుముకుంటారు. చిట్టచివర కార్యదర్శి మైకు అందుకుని, ఢిల్లీలో ఫలానా సంఘం వాళ్ళు ఫలానా జబ్బుకు గైడ్‌లైన్స్ తయారు చేశారనీ, మన సంఘం పేరు కూడా వేసుకుంటామని అడుగుతున్నారనీ, సభ్యులు ఆమోదం తెలపాలనీ అంటాడు. అప్పటికే వెనక నుంచి బిర్యానీ వాసన వస్తుంటుంది. అందరూ చప్పట్లు కొడుతూనే కుర్చీల్లోంచి లేస్తారు. దాంతో మేము ఆ గైడ్‌లైన్స్‌ను ఎండార్స్ చేసినట్టే లెక్క.

ఎండార్స్ చేయడమంటే ఏమిటో మా వృత్తిలో లేనివాళ్ళకు చెప్పాలి. ఒక పెద్ద సంఘం నిపుణులను కూర్చోబెట్టి, ఉన్న పరిశోధనలన్నీ చదివించి, ఇలాంటి రోగి వస్తే ఇలా వైద్యం చేయండి అని ఒక పుస్తకం రాయిస్తుంది. దాన్ని మేము రాయలేదు. కానీ చదివాం, సరిగ్గానే ఉందనిపించింది, మా సభ్యులు దీని ప్రకారం నడుచుకోవచ్చు అని మా పేరు, మా ముద్ర దాని మీద వేయనిస్తాం. సంబంధం చూడటానికి వచ్చినవాళ్ళు పక్కింట్లో వాకబు చేస్తే, ఆ పక్కింటివాళ్ళు మంచి కుటుంబమే అని చెప్పినట్టు. ఆ మాట చెప్పేముందు ఆ ఇంటి గడపన్నా తొక్కి ఉండాలి కదా. మేము తొక్కేవాళ్ళం కాదు.

ఒకసారి షుగరు జబ్బు పుస్తకానికి ఇలాగే పేరు ఇచ్చాం. అచ్చయి వచ్చాక ఎవరి క్లినిక్కులో వాళ్ళం టేబుల్ మీద అందరికీ కనిపించేలా పెట్టుకున్నాం. చాలా రోజుల తర్వాత ఒక మధ్యాహ్నం కరెంటు పోయి, ఓపీలో ఎవరూ లేక, తోచక తెరిచి చూస్తే మధ్యలో కొన్ని పేజీలు తలకిందులుగా కుట్టి ఉన్నాయి. నా పుస్తకమే ఇలా వచ్చిందేమోనని నలుగురికి ఫోన్ చేశాను. అందరివీ అంతే. ఒక్కరూ చూసుకోలేదు. ముందు పడీ పడీ నవ్వాను. తర్వాత ఒళ్ళు మండింది. నా కోపం సంగతి మా ఊళ్ళో అందరికీ తెలుసు, మందులు సరిగ్గా వేసుకోని పేషెంట్లు నా గది ముందు చెప్పులు విడిచేటప్పుడే సగం భయపడతారు. అయినా ఆ రోజు కోపం ఎవరి మీద చూపాలో తెలియక ఊరుకున్నాను.

ఇలా ఊరుకోకూడదని నాకు తెలిసివచ్చింది ఒక ఆదివారం, మా వంటింట్లో.

నా దగ్గర హౌస్ సర్జన్‌గా పనిచేసిన అమ్మాయి ఒకతె ఉంది. మందమర్రి బొగ్గుగనుల క్వార్టర్లలో పుట్టి పెరిగిన పిల్ల. వాళ్ళ బాపు గనిలో దిగే కార్మికుడు. వార్డులో ఎంత రద్దీ ఉన్నా చెదరని పిల్ల అని నాకు ప్రత్యేకమైన ఇష్టం. ఎంబీబీఎస్ కాగానే కాగజ్‌నగర్ దాటి లోపలికి పోతే వచ్చే ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో పోస్టింగ్ వచ్చింది. చుట్టూ పత్తి చేన్లు, అడవి. పెద్దాసుపత్రి చేరాలంటే గతుకుల రోడ్డు మీద చాలా దూరం. అక్కడికి మనసారా వెళ్ళింది. ఏడాది తిరగకముందే ఒక ఆదివారం చెప్పాపెట్టకుండా మా ఇంటికి వచ్చింది. నేను సర్వపిండి చేస్తున్నాను. వచ్చి పీట మీద కూర్చుని, గిన్నెకేసి చూస్తూ మాట్లాడింది.

పత్తి ఏరే రోజుల్లో ఒక రైతును రక్తపింజర కరిచింది. పొద్దున్నే బండి మీద తీసుకొచ్చారు. కాలు వాచింది, చిగుళ్ళ నుంచి రక్తం వస్తోంది. విషం ఎక్కిందని చూడగానే తెలిసింది. విరుగుడు మందు ఆమె గదిలో ఫ్రిజ్‌లోనే ఉంది. ఇవ్వలేదు. ఒక సెలైన్ పెట్టి, కాగితం రాసి, పెద్దాసుపత్రికి పంపించింది. ఆ చుట్టుపక్కల చిన్న ఆసుపత్రుల్లో అందరూ చేసే పని అదే. అతను దారిలోనే పోయాడు.

ఎందుకివ్వలేదని నేను అడగలేదు. నాకు తెలుసు. ఆ మందు కొందరికి పడదు. దద్దుర్లు లేస్తాయి, బీపీ పడిపోతుంది. దాన్ని సర్దడానికి మరో ఇంజెక్షన్ ఉంది, తెలిసినవాళ్ళ చేతిలో చాలామటుకు సర్దుకుంటుంది. కానీ సర్దుకునేలోపు చుట్టూ ఊరంతా నిలబడి ఉంటుంది. సూది ఇచ్చాకే ఇలా అయిందని అనడానికి ఒక్కరు చాలు. అంతకుముందే వాళ్ళకు దగ్గరలో ఒక డాక్టరు బల్ల, కుర్చీ, అద్దాలు పగలగొట్టారు.

"ఇచ్చి ఏమన్న అయితే నా మీదికొస్తరు మేడం" అంది. "ఇయ్యకుంట పంపిస్తే ఎవ్వలు ఏమనరు. తొవ్వల పోయిండు అంటరు, గంతే. ఆయన భార్య గూడ నన్నేం అనలే. మొన్న ఊర్ల ఎదురువడితె దండం పెట్టింది."

రాజీనామా రాసుకున్నానని, హైదరాబాద్‌లో ఒక కార్పొరేట్ ఆసుపత్రిలో డ్యూటీ డాక్టర్‌గా చేరతానని చెప్పింది. అక్కడైతే పక్కన పదిమంది ఉంటారు. నాకు కోపం ముంచుకొచ్చింది గాని ఆమె మీద కాదు. నేనేమన్నా అనేలోపే ఆమె అడిగింది:

"నేను ఇచ్చేదాన్నే మేడం. ఇస్త. కని ఇచ్చినంక నా ఎనుక ఎవరుంటరో ఒక్కరి పేరు చెప్పున్రి."

నా పేరు చెప్పవచ్చు. కానీ కరీంనగర్‌లో కూర్చున్న ఒక ముసలి ఫిజిషియన్ పేరు ఆ చేన్ల మధ్య ఎవరికి కావాలి? ముందు తిను అన్నాను. తిన్నాక, ఎండాకాలంలో మా సంఘం మీటింగు జరిగేదాకా ఆ రాజీనామా ఇవ్వొద్దని మాట తీసుకున్నాను. ఏం చేస్తానో నాకే తెలియదు. నోటికి ధైర్యం ఎక్కువ కాబట్టి అనేశాను.

ఆ చలికాలంలోనే ఎమర్జెన్సీ వైద్యుల సంఘం ఒకటి, దేశం మొత్తానికీ కలిపి ఉన్నది, చిన్న ఆసుపత్రుల కోసం పాముకాటు గైడ్‌లైన్స్ తెచ్చింది. మిగతా సంఘాలు ఎండార్స్ చేయాలని కోరింది. మా వాట్సప్ గ్రూపులో అది పడగానే వరసగా బొటనవేళ్ళు, దండాలు. ఎవరూ తెరిచి ఉండరు. నేను తెరిచాను. విషం ఎక్కిన లక్షణాలుంటే మొదటి డోసు ఉన్నచోటే ఇచ్చి, ఆ తర్వాతే పెద్దాసుపత్రికి పంపాలని అందులో స్పష్టంగా ఉంది. మందు పడకపోతే ఏ క్రమంలో ఏం చేయాలో కూడా ఉంది. ఆ పిల్ల చేతిలో ఉండాల్సిన పుస్తకం ఇదే. కాకపోతే బిర్యానీ ముందు చప్పట్లతో పాసైతే దానికీ షుగరు పుస్తకం గతే పడుతుంది.

మా అధ్యక్షుడు మంచిర్యాలలో సర్జన్. నాతో కలిసి చదువుకున్నవాడు. నవ్వించే మనిషి, శాలువాలంటే ప్రాణం. నేను వెళ్ళి మన సంఘం నియమావళి తెరవమన్నాను. బయటి గైడ్‌లైన్స్‌కు పేరు ఇచ్చే పద్ధతి మా పెద్దవాళ్ళు ఎప్పుడో రాసిపెట్టారు. ముగ్గురు సభ్యులు విడివిడిగా, ఒకరితో ఒకరు మాట్లాడుకోకుండా చదవాలి. మందుల కంపెనీలతో ఏ సంబంధం ఉన్నా తప్పుకోవాలి. అవతలివాళ్ళ పాఠంలో ఒక్క అక్షరం మార్చకూడదు. చివరికి మూడు జవాబుల్లో ఒకటి చెప్పాలి: పేరు ఇస్తాం, మా మాట ఒకటి జతచేసి ఇస్తాం, లేదా ఇవ్వం. ఇంత చక్కని నియమం మాకుందని అధ్యక్షుడికే తెలియదు. చదివి, ఎటూ చప్పట్లు కొట్టేదానికి ఇంత తతంగం ఎందుకని నసిగాడు. నేను ఊరుకోలేదు. నీతో పెట్టుకుంటే నాకు బీపీ వస్తది డాక్టరమ్మా అని సంతకం పెట్టాడు.

ముగ్గురిలో నేనొకదాన్ని, రెండో మనిషిగా ముందు జగిత్యాల ఫిజిషియన్‌ను అనుకున్నాం. ఆయన పుస్తకం అందుకున్న రోజే వాపసు పంపాడు. ఆ విరుగుడు మందు తయారుచేసే కంపెనీలో తన అల్లుడు ఉద్యోగం చేస్తున్నాడట, నన్ను విడిచిపెట్టండి అన్నాడు. అడిగితే తప్ప ఎవరికీ తెలిసే సంగతి కాదు, తనంతట తనే చెప్పాడు. ఆ మాటకు నాకు ఆయన మీద ఉన్న గౌరవం రెట్టింపైంది. ఆయన బదులు ఆదిలాబాద్ పిల్లల డాక్టరు వచ్చాడు. మాటలో మరాఠీ యాస, మనిషిలో మొండితనం. మూడో ఆయన మంచిర్యాల మత్తు డాక్టరు. నన్ను అక్కా అంటాడు, ప్రతిదానికీ ఇబ్బంది ఎక్కడొస్తుందో ముందే చూసే మనిషి.

విడివిడిగా చదివాం. అభిప్రాయాలు రాసి ఇచ్చాకే, ఒక ఆదివారం నా క్లినిక్కులో కలిశాం. చూస్తే ముగ్గురమూ ఒకే చోట ఆగాం. రక్తపింజర విషం ఎక్కితే రక్తం గడ్డకట్టదు. అది తెలుసుకోవడానికి ఒక సులువైన పరీక్ష ఉంది. రోగి రక్తం కొంచెం గాజు గొట్టంలో పోసి, ఇరవై నిమిషాలు కదపకుండా ఉంచి, వంచి చూడాలి. గడ్డకడితే సరే, నీళ్ళలా జారితే విషం ఉన్నట్టు. శుభ్రమైన, పొడి గాజు గొట్టం అని మాత్రమే పుస్తకంలో ఉంది. మా దగ్గర గాజు ఎక్కడిది? చిన్న ఆసుపత్రులకు ఎన్నో ఏళ్ళుగా ప్లాస్టిక్ గొట్టాలే వస్తున్నాయి. ఎర్రమూత వాటిలో గడ్డకట్టించే పొడి ఉంటుంది, ఊదారంగు మూత వాటిలో గడ్డకట్టనివ్వని మందు ఉంటుంది, కొన్ని ఉత్తవి. ప్లాస్టిక్‌లో ఏమవుతుందో పుస్తకం చెప్పలేదు.

మాటలతో ఎందుకని పిల్లల డాక్టరు చొక్కా చేయి మడిచాడు. మత్తు డాక్టరు భార్య కాలేజీలో కెమిస్ట్రీ చెబుతుంది, ఆమె ల్యాబు నుంచి గాజు గొట్టాలు తెచ్చాడు. ఒకరి చేతి నుంచి ఒకరం రక్తం తీసుకున్నాం. నాకు తీసింది మత్తు డాక్టరే, రెండుసార్లు నరం తప్పాడు. అక్కా, నీకు సూది గుచ్చుడంటే మామూలు ముచ్చటనా అన్నాడు. రకానికొకటి చొప్పున బల్ల మీద నిలబెట్టి, ఊళ్ళో కబుర్లు చెప్పుకుంటూ కూర్చున్నాం.

గాజు గొట్టాల్లో ముగ్గురి రక్తమూ బుద్ధిగా గడ్డకట్టింది. ఊదారంగు మూత ఉన్నవి నీళ్ళలా జారాయి. ఉత్త ప్లాస్టిక్‌లో సగం సగం, జున్ను సరిగ్గా రానట్టు ఉంది. పిల్లల డాక్టరు ఊదా మూత గొట్టాన్ని దీపం ముందు అటూ ఇటూ వంచి చూశాడు.

"గీ లెక్కన మన ముగ్గురికి పాము కరిసింది" అన్నాడు. "పదున్రి, పెద్దాసుపత్రికి పోదాం."

కడుపు చెక్కలయ్యేలా నవ్వాం. కానీ నవ్వు ఆగాక ముగ్గురికీ ఒకటే ఆలోచన. తప్పు గొట్టం వాడితే విషం లేనివాడికి మందు ఎక్కిస్తారు, లేదా విషం ఉన్నవాడిని నీకేం కాలేదు పొమ్మని ఇంటికి పంపుతారు. మేము చదవకుండా పేరు ఇచ్చి ఉంటే మా ముద్ర కింద ఆ పనే జరిగేది. ఆ ఎమర్జెన్సీ సంఘానికి ఉత్తరం రాశాం. మంచి మాట చెప్పారు, వచ్చే కూర్పులో చేరుస్తాం, ఇప్పుడు పాఠం మార్చలేం అని మర్యాదగా జవాబిచ్చారు. మేమూ మార్చకూడదు. కాబట్టి మా మాట ఒకటి జతచేసి పేరు ఇవ్వాలని తేల్చుకున్నాం. ఒక్క పేజీ. గాజు గొట్టమే వాడాలి, గొట్టాలు సంఘమే కొని ప్రతి చిన్న ఆసుపత్రికి పంపుతుంది అని మొదటి మాట.

రెండో మాట దగ్గర గొడవ పడ్డాం. ఈ గైడ్‌లైన్స్ ప్రకారం నడుచుకున్న సభ్యుడికి ఏ ఇబ్బంది వచ్చినా సంఘం వెంట నిలబడుతుంది అని రాయాలన్నాను. మత్తు డాక్టరు వద్దన్నాడు. రేపు ఎవరో కేసు వేస్తే మనందరినీ బోనులో నిలబెడతారన్నాడు. అతని భయం తప్పు కాదు. కానీ నాకు కళ్ళ ముందు మా వంటింటి పీట మీద కూర్చున్న పిల్లే కనిపిస్తోంది. నిలబడనివాళ్ళు పేరు ఇవ్వడం ఎందుకు, బోర్డు రాసేవాడికి చెబితే అంతకంటే పెద్ద అక్షరాలతో రాసిస్తాడు అని కసిరాను. గొంతు బాగా పెరిగింది, కింద మెడికల్ షాపు అతను పైకి వచ్చి తొంగిచూశాడు. చివరికి పిల్లల డాక్టరు, రాసి మీటింగులో పెడదాం, వద్దంటే అందరూ వద్దంటారు అన్నాడు. అలాగే రాశాం.

మే నెల ఎండలో మీటింగు. హాలు కరీంనగర్‌లోనే. నేను పొద్దున్నే వెళ్ళి వంటవాళ్ళతో ఒప్పందం చేసుకున్నాను. నేను చెప్పేదాకా ఒక్క గిన్నె మూత తీయొద్దు. అధ్యక్షుడికి చెప్పలేదు. శాలువాలయ్యాయి, జ్ఞాపికలయ్యాయి. కార్యదర్శి ఆమోదం అనే మాట అనబోతుండగా నేను వెళ్ళి మైకు లాక్కున్నాను. పుస్తకంలో ముఖ్యమైన భాగమంతా చదివి వినిపిస్తాను, మా పేజీ కూడా చదువుతాను, ప్రశ్నలయ్యాకే భోజనం, చప్పట్లు నిషేధం అన్నాను. వెనక ఎవరో ఈ మేడం రిటైరెప్పుడైతదిరా అన్నారు. వినపడింది. నేను చచ్చినంక అని మైకులోనే జవాబిచ్చి చదవడం మొదలుపెట్టాను.

మొదట సణుగుడు, తర్వాత ఫోన్లు చూసుకోవడం. గొట్టాల పరీక్ష దగ్గరికొచ్చేసరికి తలలు పైకి లేచాయి. మనం వాడేదీ ప్లాస్టిక్కే గదా అని ఒకరు, మా దగ్గర ఎర్రమూత అని ఇంకొకరు. జీవితంలో మొదటిసారి మా సంఘం హాలులో గైడ్‌లైన్స్ గురించి మాట్లాడుకోవడం విన్నాను. రెండో మాట కూడా చదివాను. పెద్ద నర్సింగ్ హోమ్ ఉన్న సీనియర్ ఒకాయన లేచాడు. పెద్దమనిషి, తేలికగా మాట్లాడే రకం కాదు.

"నిలబడుడు అంటే ఏందమ్మా?" అని అడిగాడు. "కాయితం మీద నిలబడుడా, మనుషులు పోయి నిలబడుడా?"

ఇంత చదివి, ఇంత అరిచి, ఆ ఒక్క సంగతి ఆలోచించలేదు. అధ్యక్షుడి వైపు చూశాను. ఆయన తన శాలువా అంచు చూసుకుంటున్నాడు. అంతలో చివరి వరసలోంచి ఆ పిల్ల లేచింది. వస్తుందని నాకు తెలియదు. మైకు వద్దంది. తన ఆసుపత్రి ఎక్కడుందో చెప్పింది. ఆ రైతు గురించి, ఫ్రిజ్‌లో ఉన్న మందు గురించి, తను రాసి పంపిన కాగితం గురించి, ఏదీ దాచకుండా చెప్పింది.

"మీకు భయం కాదని నేను అంటలేను సార్" అంది ఆ పెద్దాయనతో. "నాకూ భయమే. ఒక్కదాన్నే భయపడుడు కష్టమైతాంది, గంతే."

కూర్చుంది. అప్పుడు అధ్యక్షుడు లేచి నా చేతిలోంచి మైకు తీసుకున్నాడు. ముప్పై ఏళ్ళకు పైగా చూస్తున్నాను, ఆయన జోకు లేకుండా మాట్లాడటం అదే మొదలు. చప్పట్లు ఎవరూ కొట్టొద్దన్నాడు. విన్నవాళ్ళు, ఒప్పుకున్నవాళ్ళు మాత్రమే చేయి ఎత్తమన్నాడు. ఆ పెద్దాయన చేయే ముందు లేచింది. తర్వాత జగిత్యాల ఆయనది. మత్తు డాక్టరు నా వైపు చూసి, తల అడ్డంగా ఊపి, నవ్వి, ఎత్తాడు. చూస్తుండగా హాలంతా చేతులే. కొందరు ఎత్తలేదు. వాళ్ళ మీదా నాకు కోపం రాలేదు, వాళ్ళూ విని, ఆలోచించే ఎత్తలేదు. మా సంఘం ఒక పుస్తకానికి నిజంగా పేరు ఇవ్వడం అదే తొలిసారి. నా కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. చెప్పుకోవడానికి సిగ్గేమీ లేదు. బిర్యానీ అడుగంటిందని వంటవాళ్ళు తర్వాత నన్ను తిట్టుకున్నారు.

ఆ పిల్ల బస్టాండు నుంచి ఫోన్ చేసింది. ఈ వానాకాలం చూస్తాను మేడం, రాజీనామా అప్పుడు ఆలోచిస్తాను అంది. మొత్తానికి ఉంటానని అనలేదు. నేనూ బలవంతపెట్టలేదు.

గాజు గొట్టాలు పంపాం. పుస్తకంలోని ముఖ్యమైన పేజీ, దాని కింద మా పేజీ, మా ముద్రతో గోడకు అంటించేలా అచ్చువేసి పంపాం. వానలు పడ్డాయి. ఒకరోజు పొద్దున నేను ఓపీలో ఉండగా ఆ పిల్ల ఫోన్. గొంతు నిదానంగా ఉంది. పత్తిలో కలుపు తీస్తుంటే ఒకామెను రక్తపింజర కరిచిందట. ఆమె భర్త దుబాయ్‌లో ఉంటాడు. మరిది కారు మాట్లాడుకుని వచ్చాడు, పైసలకు ఫికర్ లేదు, కరీంనగర్‌లో పెద్దాసుపత్రికి రాసివ్వు అంటున్నాడు. రక్తం గాజు గొట్టంలో గడ్డకట్టలేదు. మొదటి డోసు ఇక్కడే ఇచ్చాకే పంపిస్తానని వాళ్ళకు చెప్పిందట.

"మీకు చెప్దామని చేసిన, అడగనీకి కాదు" అంది. "షురూ చేస్తున్న."

పెట్టేసింది. నేను అధ్యక్షుడికి ఫోన్ చేసి సంగతి చెప్పాను. సరే అన్నాడు, అంతే. ఓపీ నిండా పేషెంట్లు. ఆ పూట నేను ఎవరికి ఏం రాశానో నాకు గుర్తులేదు. ఎవరినీ కసరలేదని మాత్రం మా నర్సు తర్వాత చెప్పింది.

ఆ తర్వాత ఏమైందో ఆ పిల్ల చెబితేనే తెలిసింది. మందు ఎక్కుతుండగానే పేషెంటుకు ఒళ్ళంతా దద్దుర్లు లేచాయి, చలి పుట్టింది, బీపీ పడిపోయింది. వరండాలో గోల మొదలైంది. సూది ఇచ్చి చంపుతోందని ఎవరో అరిచారు. దుబాయ్ నుంచి భర్త వీడియో కాల్‌లో ఏడుస్తున్నాడు. మా పిల్ల మందు ఆపి, తొడకు ఇవ్వాల్సిన ఇంజెక్షన్ ఇచ్చి, పేషెంటు చేయి పట్టుకుని నిలబడింది. బీపీ లేచింది. మళ్ళీ నెమ్మదిగా మందు మొదలుపెట్టింది. తలుపు బయట ఏం జరుగుతోందో చూసే తీరిక ఆమెకు లేదు. కానీ గోల ఎందుకో తగ్గిందని మాత్రం గమనించిందట.

మధ్యాహ్నం దాటాక డోసు పూర్తయింది. అంబులెన్సులో ఆమెను పెద్దాసుపత్రికి పంపారు. కొన్ని రోజులకు తన కాళ్ళ మీద తను నడిచి ఇంటికి వెళ్ళింది. ఆ పిల్ల ఇప్పటికీ అదే ఆసుపత్రిలో ఉంది. రాజీనామా మాట మళ్ళీ ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు.

ఆ సూది ఇచ్చిన రోజు సాయంత్రమే అధ్యక్షుడికి ఫోన్ చేశాను. వెనక బండ్ల చప్పుడు, గాలి. ఎక్కడున్నావని అడిగాను. కాగజ్‌నగర్ దాటి వస్తున్నానన్నాడు. పొద్దున నా ఫోన్ పెట్టేయగానే ఆపరేషన్లు మరునాటికి మార్చి బయల్దేరాడట. అక్కడికి పోయి ఏం చేశావని అడిగాను.

"నేనేం జేసిన, అంత పిల్లనే జేసింది" అన్నాడు. "నేను వరండల బల్ల మీద కూసున్న. గీ సూది ఇయ్యమని ఎవరు చెప్పిండ్రని ఆమె మరిది నా మీదికి లేసిండు. నేనే చెప్పిన బిడ్డా, ఆమె లేసేదాక ఈడనే కూసుంట అన్న. వాడు జరంతసేపు నన్నే చూసిండు. ఇగ నా పక్కపొంటి కూసున్నడు."